‘టక్’మని ఊరుకునే కారు: సమస్య - పరిష్కారం

లక్షణం: తాళం తిప్పితే ‘టక్’మన్న ఒక్క చప్పుడే వినిపిస్తుంది, లేదా సెల్ఫ్ మోటారు నీరసంగా రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది, హెడ్‌లైట్లు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతుంటాయి.

చాలామంది ఇక్కడే కొత్త బ్యాటరీ కొనేస్తారు. దయచేసి ముందు పాత బ్యాటరీ టెర్మినళ్లను చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. క్లాంపు కదిలితే బిగించండి, చిలుము పట్టి ఉంటే విప్పి శుభ్రంగా రుద్దండి. కొన్ని గంటలు ఆపి ఉంచిన కారు బ్యాటరీని మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే పరికరం) కొలిస్తే 12.6 వోల్టులు కనిపిస్తే అది నిండుగా ఉన్నట్టు. 12 దగ్గర ఉంటే ఛార్జింగుకు పెట్టండి.

బ్యాటరీ నిర్దోషి అని తేలాక అనుమానించవలసింది ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కనుక, సెల్ఫ్ మోటారు తీసుకునే వందకు పైగా ఆంపియర్లు బ్యాటరీకి తిరిగి చేరడానికి ఆ అల్లిక పట్టీయే దారి. హెడ్‌లైట్ల ఎర్త్ నేరుగా బాడీకే కలుస్తుంది కాబట్టి వాటికి ఈ గొడవ తెలియదు. మనల్ని తప్పుదోవ పట్టించేవి అవే.

ఈ పాఠం నాకు ఒక పాత మినీ నేర్పింది. డిక్కీలో బ్యాటరీ, అడ్డంగా ఇరికించిన ఇంజన్, చెయ్యి పట్టే సందు ఎక్కడా లేకపోవడం: 1959లో పుట్టిన ఆ కారు తెలివైన పిల్లవాడి సంచిలా ఉంటుంది, కావలసిన వస్తువు ఎప్పుడూ అడుగునే దొరుకుతుంది. సెల్ఫ్ మోటారును రెండుసార్లు విప్పి బిగించాక, మూడోసారి తాళం తిప్పితే, డాష్‌బోర్డు నుంచి ఇంజన్‌కు వెళ్లే చోక్ కేబుల్ పొగలు కక్కింది. ఎర్త్ పట్టీ తెగిపోవడంతో కరెంటు ఆ సన్నని తీగనే దారి చేసుకుంది.

పరీక్ష సులభం. మల్టీమీటర్ కడ్డీ ఒకటి బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, రెండోది ఇంజన్ మీది రంగులేని లోహానికి ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే దోషం ఎర్త్ దారిలోనే ఉంది. (1969కి ముందటి మినీలలో బాడీకి కలిసేది పాజిటివ్, ఏ స్తంభమో చూసుకోండి.) కొత్త పట్టీ వేసేముందు రెండు చివరల కిందా మెరిసే లోహం కనబడేదాకా గీకి, బిగించిన తరువాత పైన గ్రీజు పూయండి. బాడీకి కొత్తగా రంగు వేయించాక మొరాయించే కార్లలో పట్టీ కింద రంగే దొంగ. ఏ కథలూ లేని కరోలాకైనా ఇదే వైద్యం. 1953 నాటి కార్వెట్‌ది కరెంటు పారని ఫైబర్‌గ్లాస్ బాడీ కనుక అందులో దీపాలకు కూడా విడిగా ఎర్త్ వైర్లు వెతుక్కోవాలి. డెలోరియన్ అయితే ఉక్కు చొక్కా తొడుక్కున్న ఫైబర్, దాని మెరుపు చూసి మోసపోకండి.

ఇగ్నిషన్ స్విచ్ అరగడం, సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పాడవడం కూడా కారణం కావచ్చు. ఇవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి. ఇంజనే బిగుసుకుందని భయమైతే, గేరు న్యూట్రల్‌లో పెట్టి క్రాంక్ పుల్లీ (ఇంజన్ బెల్టును తిప్పే చక్రం) బోల్టును స్పానర్‌తో తిప్పి చూడండి. 1990 వరకు తయారైన సిట్రోయెన్ టూసీవీ ఉన్నవారికి ఆ శ్రమ కూడా లేదు, ముందునుంచి హ్యాండిల్ దూర్చి తిప్పితే సరిపోతుంది.