సూది, కట్టు మార్పిడి వేళల్లో పిల్లల నొప్పి తగ్గించడానికి వర్చువల్ రియాలిటీ ఆటలను వాడే విధానం

రక్తం తీసేటప్పుడు, చేతి రక్తనాళంలో సూది పెట్టేటప్పుడు, కాలిన గాయానికి కట్టు మార్చేటప్పుడు పిల్లలు పడే బాధలో గాయానిది ఒక పాలైతే, జరగబోయేదాన్ని తలచుకుని పడే భయానిది మరొక పాలు. ఆ రెండింటినీ తగ్గించడంలో వర్చువల్ రియాలిటీ ఆటలు, అంటే కళ్లకు తొడిగే హెడ్‌సెట్‌లో చుట్టూ మరో లోకం ఉన్నట్టు చూపించే ఆటలు, ఎంతో ఉపకరిస్తాయి. అయితే ఆట నొప్పి మందుకు తోడు మాత్రమే. ఆట ఉంది కదా అని వైద్యుడు రాసిన మందును గానీ, సూది గుచ్చే చోట పూసే మత్తు క్రీమును గానీ మానేయకూడదు. లిడోకైన్, ప్రిలోకైన్ అనే మత్తుమందులు కలిసిన ఆ క్రీము పనిచేయడానికి సుమారు 60 నిమిషాలు పడుతుంది కనుక, హెడ్‌సెట్ బయటికి తీయడానికి చాలా ముందే దాన్ని పూసి ఉంచాలి.

ఆట ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే దాన్ని ఎలా వాడాలో సులభంగా అర్థమవుతుంది. మెదడు నుంచి దిగివచ్చే సంకేతాలు వెన్నుపాములో నొప్పి దారిని కొంతవరకు మూయగలవని 1965లో నొప్పి మీద పరిశోధించిన శాస్త్రవేత్తలు రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. నొప్పిని గ్రహించడానికి కూడా మనసు కొంత ధ్యాస పెట్టవలసి ఉంటుంది. ఆ ధ్యాసను మరో పని లాగేసుకుంటే నొప్పికి మిగిలేది తగ్గుతుంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ బృందం 2000లో ప్రచురించిన నివేదికలో, కాలిన గాయాలకు చికిత్స పొందుతున్న ఇద్దరు కుర్రాళ్లకు మామూలు వీడియో గేమ్ ఆడినప్పటి కంటే వర్చువల్ రియాలిటీలో ఉన్నప్పుడు తక్కువ నొప్పి తెలిసిందని చెప్పారు. కాలిన గాయాల రోగుల కోసం ఆ బృందమే రూపొందించిన స్నోవరల్డ్ ఆటలో పిల్లలు మంచు లోయ గుండా సాగుతూ మంచు మనుషులపైకి, పెంగ్విన్లపైకి మంచు ముద్దలు విసురుతారు. అందులో పిల్లలు ఊరికే చూస్తూ ఉండరు, ఏదో ఒకటి చేస్తూ ఉంటారు. నా దృష్టిలో ఈ పద్ధతికి ఆయువుపట్టు అదే.

మొదట ఆ బిడ్డకు హెడ్‌సెట్ పెట్టవచ్చునో లేదో వైద్యుడితో నిర్ధారించుకోవాలి. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి, ఇటీవల తలకు దెబ్బ తగిలినవారికి, వాంతులు లేదా తలతిరుగుడు ఉన్నవారికి, ముఖం మీద గాయాలో అంటువ్యాధో ఉన్నవారికి దాన్ని వాడకపోవడమే మంచిది. శరీరంలో అమర్చిన వైద్య పరికరం ఏదైనా ఉంటే ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. తయారీదారులు చెప్పే వయసు పరిమితిని కూడా చూడాలి: మెటా సంస్థ తన క్వెస్ట్ హెడ్‌సెట్లకు ఉన్న 13 ఏళ్ల పరిమితిని 2023లో, తల్లిదండ్రుల అదుపులో నడిచే ఖాతాలకు 10 ఏళ్లకు తగ్గించింది. అంతకంటే చిన్నవారి విషయం పూర్తిగా వైద్యుడి నిర్ణయానికి వదలాలి. పసివారికి నురుగు బుడగలు, కథలు, అమ్మ ఒడి ఇప్పటికీ మంచి మార్గాలే.

ఆట ఎంపికలో చాలామంది పొరపడతారు. వేగంగా పరుగెత్తే, ఎగిరే, గిరగిర తిరిగే ఆటలలో కళ్లకు కదలిక కనబడుతుంది కానీ లోచెవికి అది తెలియదు. ఆ తేడా వల్లనే కడుపులో తిప్పడం మొదలవుతుంది. అందుకని ఆటగాడు ఒకేచోట ఉండి గురిచూసే ఆటను గానీ, మెల్లగా ముందుకు సాగే ఆటను గానీ ఎంచుకోవాలి. సూది పడే చేయి కదలకూడదు కాబట్టి చూపుతో, తల కదలికతో లేదా రెండో చేతిలోని ఒకే కంట్రోలర్‌తో నడిచే ఆట కావాలి. భయపెట్టే బొమ్మలు, ఓడిపోతే మళ్లీ మొదటికి తెచ్చే నియమాలు ఉండకూడదు. మంచిదనిపించిన రెండు మూడు ఆటలు చూపించి, ఏది కావాలో బిడ్డనే ఎంచుకోనివ్వాలి. ఆ గదిలో తన ఇష్టం చెల్లే సంగతులు తక్కువ కనుక, ఆ చిన్న ఎంపికకు విలువ ఎక్కువ.

చికిత్సకు ముందు హెడ్‌సెట్‌ను బిడ్డ చేతికిచ్చి చూడనివ్వాలి, పట్టీని తలకు సరిపడా బిగించాలి, కూర్చోబెట్టి గానీ ఏటవాలుగా పడుకోబెట్టి గానీ ఆడించాలి. సూది చేతిలోకి తీసుకోకముందే, కనీసం కొన్ని నిమిషాల ముందు ఆట మొదలుకావాలి. నొప్పి మొదలయ్యాక హెడ్‌సెట్ తగిలించడం దాదాపు వృథా, ఎందుకంటే అప్పటికే ధ్యాసంతా చేతి మీదికి వెళ్లిపోయి ఉంటుంది.

బిడ్డకు తెలియకుండా గుచ్చేయడానికి ఆటను ముసుగుగా వాడకూడదు. ఈ విషయంలో నేను రాజీపడలేను. ఒకసారి మోసపోయిన బిడ్డ తర్వాతిసారి హెడ్‌సెట్ కనబడగానే ఏడుస్తుంది. “గుచ్చేముందు చెప్పనా, వద్దా?” అని ఆట మొదలయ్యే ముందే అడిగి, చెప్పమంటే “ఇప్పుడు చల్లగా తగులుతుంది, ఇప్పుడు చిన్నగా చురుక్కుమంటుంది” అని నెమ్మదిగా చెప్పాలి. ఆట సాగుతుండగా గదిలో ఒక్కరే మాట్లాడాలి. తల్లి గానీ తండ్రి గానీ ఖాళీగా ఉన్న కాలి మీదో భుజం మీదో చేయి వేసి ఉంచాలి. హెడ్‌సెట్‌లోని దృశ్యాన్ని ఒక ట్యాబ్లెట్‌లో కనబడేలా పెట్టుకుంటే, “అదిగో, ఎడమవైపు ఇంకొకటి వచ్చింది” అంటూ పెద్దలు ఆటలో పాలుపంచుకోవచ్చు. హెడ్‌సెట్ వెనక బిడ్డ కళ్లు మనకు కనబడవు కనుక శ్వాసను, ముఖంలోని కింది భాగాన్ని, ముడుచుకునే పిడికిలిని గమనిస్తూ ఉండాలి. తీసేయమని బిడ్డ అడిగితే, బతిమాలకుండా వెంటనే తీసేయాలి.

సూది పని అయిపోగానే ఆటను అర్ధాంతరంగా ఆపకుండా గుచ్చిన చోట పట్టీ వేసేదాకా కొనసాగించి, ఆ తర్వాత తీయాలి. తల తిరుగుతోందా అని అడిగి, కాసేపు కూర్చోబెట్టాకే లేపాలి. నొప్పి ఎంత అనిపించిందో నొప్పి స్థాయిలను ముఖాల బొమ్మలతో చూపే కొలమానంతో బిడ్డనే అడిగి, 0 నుంచి 10 వరకు ఉన్న ఆ అంకెను, ఆడిన ఆట పేరును రోగి పత్రంలో రాయాలి. కట్టు పదే పదే మార్చవలసి వచ్చే పిల్లలకు ఆట పాతబడిపోతుంది కనుక, ఆ రాత చూసి తర్వాతిసారి మార్చాలో వద్దో నిర్ణయించుకోవచ్చు.

హెడ్‌సెట్ ఒకరి ముఖం నుంచి మరొకరి ముఖానికి వెళ్తుంది కాబట్టి శుభ్రతలో ఏమరుపాటు తగదు. ముఖానికి తగిలే భాగానికి తుడవగలిగే సిలికాన్ తొడుగు వేసి, దాని మీద ప్రతి బిడ్డకూ కొత్త పేపరు తొడుగు వాడాలి. పట్టీని, కంట్రోలర్‌ను ఆసుపత్రి అంగీకరించిన క్రిమినాశక గుడ్డతో తుడవాలి. లెన్సులకు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకుండా మెత్తని పొడి బట్ట వాడాలి.