ఆన్‌లైన్ కోర్సుకి స్క్రీన్ రికార్డింగ్ వీడియోలు క్లియర్‌గా చేసి పెట్టడం ఎలా?

ఎక్సెల్ లాంటిది ఆన్‌లైన్‌లో నేర్పుదామనుకునేవాళ్లు ముందు అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని. ఏమీ కొనక్కర్లేదండి, ఓబీఎస్ స్టూడియో ఫ్రీగా వస్తుంది, విండోస్‌లో, మ్యాక్‌లో, లైనక్స్‌లో నడుస్తుంది, వాటర్‌మార్క్ పడదు, టైం లిమిట్ లేదు. అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. మన తెలుగు స్టూడెంట్స్‌లో చాలామంది కోర్సు ఫోన్‌లోనే చూస్తారు, బస్సులోనో హాస్టల్లోనో, మొబైల్ డేటా మీద. ఆ చిన్న స్క్రీన్ మీద వీ-లుకప్ ఫార్ములాలో కామా ఎక్కడుందో కనపడాలి, మీరు చెప్పేది స్పష్టంగా వినపడాలి.

నేను మొదట్లో పెద్ద మానిటర్ మీద రికార్డ్ చేసి అలాగే పెట్టేశా, నాకైతే బ్రహ్మాండంగా కనపడింది, ఒకమ్మాయి ఫోన్ నుంచి స్క్రీన్‌షాట్ తీసి "సార్, ఫార్ములా చదవలేకపోతున్నా" అని పంపింది. చూస్తే నిజంగానే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఆ వీడియోలన్నీ మళ్లీ చేశా.

కాబట్టి మొదటి స్టెప్ రికార్డింగ్ కాదు, స్క్రీన్ రెడీ చేసుకోవడం. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 1920×1080 పెట్టి స్కేలింగ్ 150% చేయండి. అప్పుడు అక్షరాలు 1280×720 స్క్రీన్‌లో ఉన్నంత పెద్దగా వస్తాయి, కానీ రికార్డయ్యేది మాత్రం ఫుల్ హెచ్‌డీ. ఎక్సెల్‌లో కూడా జూమ్ 140, 150 దాకా పెంచండి. పాత ల్యాప్‌టాప్ 1366×768 అయితే దాన్ని అంతే సైజులో రికార్డ్ చేయండి, 1080కి సాగదీస్తే అక్షరాల అంచులు మసకబారతాయి. నోటిఫికేషన్లు ఆపేయండి, వాట్సాప్ వెబ్ మూసేయండి. మీ దగ్గరున్న నిజమైన కస్టమర్ ఫైలు ఓపెన్ చేసి చూపించొద్దు, వాళ్ల ఫోన్ నంబర్లు, జీఎస్టీ నంబర్లు అందరికీ వెళ్లిపోతాయి. ఉత్తుత్తి పేర్లతో ఒక ఫైలు తయారు చేసుకుని అదే ఫైలు స్టూడెంట్స్‌కి కూడా ఇవ్వండి, వాళ్లు మీతో పాటు చేసుకుంటూ వస్తారు.

తర్వాత ఓబీఎస్. సెట్టింగ్స్‌లో వీడియో దగ్గర బేస్, అవుట్‌పుట్ రెండూ ఒకే రిజల్యూషన్ పెట్టండి, ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్నది) 30 చాలు. సోర్సెస్‌లో ప్లస్ నొక్కి డిస్‌ప్లే క్యాప్చర్ తీసుకోండి. విండో క్యాప్చర్ తీసుకుంటే రైట్‌క్లిక్ మెనూలు, డ్రాప్‌డౌన్‌లు కొన్నిసార్లు రికార్డవ్వవు, స్టూడెంట్‌కి మీరు దేన్ని నొక్కారో అర్థం కాదు. ఇంకొకటి, రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టండి, మామూలు ఎంపీ4 అయితే మధ్యలో కరెంట్ పోయినా సిస్టం హ్యాంగైనా ఫైలు మొత్తం ఓపెన్ కాకుండా పోవచ్చు, ఎంకేవీ అయితే అప్పటిదాకా చేసింది మిగులుతుంది. అయ్యాక ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ అని ఉంటుంది, అక్కడ ఎంపీ4గా మార్చుకుంటే క్వాలిటీ ఏమీ తగ్గదు, క్షణాల్లో అయిపోతుంది.

ఇక సౌండ్. బొమ్మ కాస్త అటూ ఇటూ ఉన్నా జనం సర్దుకుంటారు గానీ మాట గరగరలాడితే రెండు నిమిషాలు కూడా ఉండరు. ల్యాప్‌టాప్ లోపలి మైకు వాడకండి, అది ఫ్యాన్ చప్పుడు, కీబోర్డు టకటక అన్నీ లాగేస్తుంది. కాలర్‌కి పెట్టుకునే వైరు మైకు ఒకటి కొనుక్కోండి, డబ్బు పెట్టాలంటే దీనిమీదే పెట్టండి. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, ఎండాకాలంలో కష్టమే, అందుకే నేను తెల్లవారుజామున చేసుకుంటా, కుక్కర్ విజిల్స్, కూరగాయల బండ్లు మొదలవకముందే. ఖాళీ గదిలో మాట మోగుతుంది, బట్టల బీరువా తలుపులు తీసి పెట్టినా, మంచం మీద పరుపు, దుప్పట్లు ఉన్న గదిలో కూర్చున్నా చాలా తగ్గుతుంది. మాట్లాడేటప్పుడు ఓబీఎస్ మిక్సర్‌లో మీటర్ పసుపు రంగులో ఆడాలి, అంటే -20 నుంచి -9 డెసిబెల్స్ మధ్య, ఎరుపులోకి పోకూడదు. మైకు ఫిల్టర్స్‌లో నాయిస్ సప్రెషన్ ఆన్ చేయండి. ముందు ఒక్క నిమిషం రికార్డ్ చేసి ఇయర్‌ఫోన్స్‌లో వినండి, ఇది మాత్రం ఎప్పుడూ మానొద్దు.

వీడియో ఎంతసేపు ఉండాలి అంటే, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల సైట్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణల డేటా చూసి 2014లో పరిశోధకులు తేల్చింది, వీడియో ఎంత పొడవున్నా జనం చూసేది మధ్యస్థంగా 6 నిమిషాల లోపే అని. నేను ఒక వీడియోకి ఒక్క పనే పెట్టుకుంటా. మాట్లాడుతూ తప్పు పోతే రికార్డింగ్ ఆపకండి, ఒకసారి చప్పట్లు కొట్టి ఆ వాక్యం మళ్లీ చెప్పండి, ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల దగ్గర సౌండ్ గీత పైకి లేచి కనపడుతుంది, అక్కడ కట్ చేయడమే. షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ, దీనికి సరిపోతుంది. మౌస్ ఊరికే తిప్పొద్దు, నొక్కే ముందు ఒక్క క్షణం ఆపండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల జూమ్ఇట్ వేసుకుంటే కంట్రోల్+1 నొక్కి ఆ సెల్ పెద్దది చేసి చూపించొచ్చు, ఇది ఫోన్‌లో చూసేవాళ్లకి నిజంగా వరం.

అప్‌లోడ్ దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. మూడుల్ లాంటి కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో నేరుగా వీడియో ఎక్కిస్తే సర్వర్ నిండిపోతుంది, పైగా నెట్ స్లోగా ఉన్నవాళ్లకి ఆగి ఆగి వస్తుంది. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింక్ కోర్సులో ఇస్తే చూసేవాళ్ల నెట్‌ని బట్టి క్వాలిటీ అదే మారుతుంది. యూట్యూబ్ వాళ్లు ఎలాగూ మళ్లీ కుదిస్తారు కాబట్టి 1080 వీడియోని 8 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో (అంటే సెకను వీడియోకి 8 మెగాబిట్ల డేటా) తయారు చేసి ఎక్కించండి. కానీ అన్‌లిస్టెడ్ అంటే తాళం వేసినట్టు కాదు, లింక్ దొరికిన ఎవరైనా చూస్తారు, కాబట్టి ఫీజు కోర్సైతే మీ సైట్లో తప్ప ఇంకెక్కడా ప్లే కాకుండా లాక్ చేసే హోస్టింగ్‌కి డబ్బు కట్టడం మంచిది. డౌన్‌లోడ్ చేసుకునే కాపీ ఇవ్వాలంటే 3 ఎంబీపీఎస్ చాలు, స్క్రీన్‌లో కదలిక తక్కువ కదా, 8 నిమిషాల వీడియో 180 ఎంబీ దగ్గర వస్తుంది.

పబ్లిష్ చేసే ముందు మీ ఫోన్ తీసుకోండి, వైఫై ఆపండి, క్వాలిటీ 360పీకి దించి చూడండి. ఫార్ములా చదవగలిగితే పెట్టేయండి. చదవలేకపోతే ఎక్సెల్ జూమ్ ఇంకొంచెం పెంచి ఆ ఒక్క వీడియో మళ్లీ చేయండి, చిన్నదే కాబట్టి అరగంటలో అయిపోతుంది.