బ్లైనా ఫెస్టినియోగ్‌కి వెళ్తున్నారా? ముందు రైలు టైములు చూసుకోండి

ఉత్తర వేల్స్‌లో పలక రాయి తవ్వకాలతో పెరిగిన ఊరు ఇది. వీధుల్లో ఇప్పటికీ వినిపించేది వెల్ష్ భాషే. 2021లో ఈ పలకల ప్రాంతాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

లాండుడ్నో జంక్షన్‌లో రైలెక్కితే దాదాపు గంట ప్రయాణం. రోజుకి కొన్ని బళ్లే ఉంటాయి, ఒకటి తప్పితే గంటల కొద్దీ ఎదురుచూపే. వరదొస్తే ఆ లైనే మూసేస్తారు. బయల్దేరే ఉదయం మరోసారి చూసుకోండి. చివర్లో 3 కిలోమీటర్లు దాటిన సొరంగం వస్తుంది. అది దాటగానే ఇళ్ల వెనకే కొండల్లా పేర్చిన బూడిదరంగు రాతి తుక్కు, వాన తడికి నీలంగా మెరుస్తూ. అప్పుడు ఫోన్ చూస్తూ కూర్చోకండి!

తిరుగు ప్రయాణానికి అదే స్టేషన్‌లో ఓడరేవు ఊరు పోర్త్‌మడాగ్ వెళ్లే చిన్న గేజ్ రైలెక్కండి. 22 కిలోమీటర్లకి గంటంబావు. పలకలు ఓడరేవుకి దించడానికి 1836లో వేసిన దారి, అప్పట్లో నిండు బళ్లు వాలు మీద ఇంజిన్ లేకుండానే దిగేవి. చలికాలంలో చాలా రోజులు నడవదు.

ఊళ్లో చూడదగ్గ లెఖ్‌వెద్ పలకల గనికి టికెట్ ముందే తీసుకోండి. ఎండాకాలంలోనూ లోపల చలే, స్వెటర్ ఉండాలి. పట్టున్న బూట్లు వేసుకోండి, తడి పలక నూనె రాసినట్టు జారుతుంది. తుక్కు గుట్టలు మాత్రం ఎక్కకండి, రాళ్లు వదులుగా ఉండి కాలికింద కదిలిపోతాయి.

దుకాణంలో 'బోరె దా' అని పలకరించండి, బయటికొచ్చేటప్పుడు 'దియోల్ఖ్' అనండి. మొదటిది శుభోదయం, రెండోది ధన్యవాదాలు.