పడవలో 'అండి' లేదు: ఇంటిల్లిపాదీ రెగట్టాకు వెళ్లాలంటే

"ఏవండీ, ఆ ముందు తెరచాప తాడు కాస్త వదలండి" అని నేను పూర్తిగా అనేలోపే గాలి వచ్చి పడవని పక్కకి పడేసింది. భవానీ ద్వీపానికి ఎగువన, ఫిబ్రవరిలో ఒక ఆదివారం. నీళ్లలోంచి తల బయటపెట్టి, పడవ అంచు పట్టుకుని మా ఆయన అన్న మొదటి మాట: "ఇకనుంచి 'వదులు' అను. చాలు."

అప్పట్నుంచి మా పడవలో 'అండి' లేదు. ఒడ్డు మీద ఆయన నాకు మీరు, పడవలో నువ్వు. మా తమ్ముడు నన్ను అక్కా అని పిలవడు, మా అమ్మాయి అమ్మా అనదు. మర్యాద తగ్గిందని ఎవరూ బాధపడలేదు. కుటుంబంతో కలిసి తెరచాప పడవల పోటీలకు, అంటే రెగట్టాకు, వెళ్దామనుకునేవాళ్లు ఎవరు సలహా అడిగినా నేను ముందు చెప్పేది ఇదే. తాళ్లు, ముడులు, జెండాలు ఎవరైనా నేర్పుతారు. ఇంట్లోవాళ్లు పడవలో ఒకరితో ఒకరు ఎలా మాట్లాడాలో మాత్రం మీరే తేల్చుకోవాలి, అదీ ఒడ్డు మీదే.

నేను తాడేపల్లిలో ఉంటాను, గుంటూరులో లెక్కల టీచర్‌ని. కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ నేవీ విభాగంలో ఎంటర్‌ప్రైజ్ అనే పడవ నడపడం నేర్చుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత మూడు కుటుంబాలం కలిసి మూడు పాత ఎంటర్‌ప్రైజ్‌లు కొన్నాం. కృష్ణ ఒడ్డున తెలిసినవాళ్ల స్థలంలో పెట్టుకుని, నదిలోకి దిగడానికి కావలసిన అనుమతులు తీసుకుని, ఆదివారాలు మాలో మేం పోటీ పడుతుంటాం. ఏడాదికోసారి హైదరాబాద్ వెళ్లి హుస్సేన్‌సాగర్‌లో పెద్ద పోటీలో దిగుతాం.

మా మాటలు ఇవి. లాగు. వదులు. ఆపు. లోపలికి, అంటే బరువు పడవ మధ్యకి తెమ్మని. బయటికి, అంటే అంచు మీద కూర్చుని వెనక్కి వాలమని. ఎదురుగాలిలో పడవ తిప్పే ముందు చుక్కాని పట్టుకున్న మనిషి "తిప్పనా?" అంటుంది. ముందున్న మనిషి "ఊఁ" అనేదాకా తిప్పకూడదు. గాలివాటంలో పడవ తిప్పితే తెరచాప కింది కర్ర, అంటే బూమ్, ఒక పక్కనుంచి ఇంకో పక్కకి విసురుగా వస్తుంది. తగిలితే దెబ్బ గట్టిగానే ఉంటుంది. అప్పుడు ఒకే మాట: "తల!" ఈ మాట వినగానే ఆలోచించకుండా వంగాలి. మేం ఇంట్లో హాల్లో, సోఫా మీద కూర్చుని దీన్ని ప్రాక్టీస్ చేశాం. వారం తర్వాత అన్నం తింటున్నప్పుడు మా అమ్మాయి ఉన్నట్టుండి "తల!" అంటే మా ఆయన కంచం మీదకి వంగారు. అంతగా అలవాటు కావాలి.

రెండో ఒప్పందం: చుక్కాని ఎవరి చేతిలో ఉంటే నిర్ణయం వాళ్లది. తప్పు నిర్ణయమైనా ఆ రేసు అయ్యేదాకా వాళ్లదే. ముందు కూర్చున్న మనిషి చూసింది చెప్పాలి, చేయవలసింది చెప్పకూడదు. "కుడివైపు నీళ్లు నల్లబడుతున్నాయి, గాలి వస్తోంది" అనడం సరైన మాట. "కుడివైపు వెళ్లు, నేను చెప్తే వినవు" అనడం ఇంటి మాట, దాన్ని ఒడ్డునే వదిలి రావాలి.

ఇక పడవ. కొత్తగా మొదలుపెట్టే కుటుంబానికి ఎంటర్‌ప్రైజ్ మంచిదని నా నమ్మకం. పొడవు 4 మీటర్లకి కాస్త ఎక్కువ, ఇద్దరు నడుపుతారు, పెద్ద తెరచాప ఒకటి, ముందు చిన్నది ఒకటి. 1956లో వచ్చిన ఈ డిజైన్‌ని తెరచాపల నీలం రంగును బట్టి దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. పిల్లలు 15 ఏళ్ల లోపువాళ్లయితే ఆప్టిమిస్ట్ ఉంది, 2.36 మీటర్ల బుల్లి పడవ, పిల్లలు ఒక్కళ్లే నడుపుకుంటారు. ఇంకాస్త పెద్దయ్యాక ఐఎల్‌సీఏ 4, అదీ ఒక్కళ్లే నడిపే పడవే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ రజతం గెలిచింది దాంట్లోనే. ఆ వార్త వచ్చిన రోజు మా అమ్మాయి ముందు తెరచాప తాడు వదిలి చుక్కాని అడిగింది. ఇచ్చాను. ఇప్పుడు ఒక ఆదివారం తను, ఒక ఆదివారం నేను.

గాలి ఎటునుంచి వస్తోందో చూడడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మా నాన్నగారి పాత క్యాసెట్ ఒకటి పాడైతే దాని టేపుని జానెడు ముక్కలు చేసి, తెరచాప కొయ్యకి రెండు పక్కలా ఉండే తీగలకు కట్టాను. ఊలు దారం తడిస్తే బరువెక్కి వేలాడుతుంది. ఈ టేపు మాత్రం తడిసినా ఒక్కసారి విదిలిస్తే ఆరుతుంది, మన చెంపకి తెలియని గాలికి కూడా వణుకుతుంది. పొద్దుటిపూట నది అద్దంలా ఉన్నప్పుడు ఆ గోధుమరంగు ముక్క మెల్లగా లేచి పడమటికి తిరగడం చూస్తూ కూర్చుంటాం. అది అడ్డంగా నిలబడిందంటే బయల్దేరొచ్చు.

విజయవాడ దగ్గర నదిలో పోటీ పెట్టుకునేవాళ్లు గాలిని ప్రకాశం బ్యారేజీతో కలిపి ఆలోచించాలి. బ్యారేజీ మనకు తూర్పున ఉంది. ఎండాకాలం సాయంత్రం పైరగాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. అది మనల్ని బ్యారేజీకి దూరంగా, ఎగువకి తోస్తుంది, మంచి గాలి. అదే మే నెల మధ్యాహ్నం పడమటి గాలి అయితే నేరుగా బ్యారేజీ వైపే తోస్తుంది, ఎండ కూడా మనిషిని నిలవనివ్వదు. మేం పడమటి గాలిలో దిగం. గేట్లు ఎత్తినప్పుడు అసలే దిగం. గాలి పడిపోతే తెరచాప పడవకి ఇంకో దిక్కు లేదు, నీళ్లు ఎటు లాగితే అటే పోతుంది. అందుకే ఎప్పుడూ ఒక మోటారు బోటు తోడు ఉంటుంది, దాని సరంగుకి రోజు కూలీ ఇచ్చి పిలుచుకుంటాం. పడవలు చుట్టి తిరగాల్సిన గుర్తులన్నీ బ్యారేజీకి బాగా ఎగువన వేస్తాం. ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల దగ్గర గాలి తిరగబడుతుంది, కొండ నీడలోకి వెళ్తే తెరచాప జావగారిపోతుంది. ఒడ్డు వెంట జాలర్ల వలలుంటాయి, తెల్లటి థర్మోకోల్ ముక్కలు కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లాలి. ముందు రోజే జాలర్లని కలిసి ఎక్కడెక్కడ వలలు వేశారో అడుగుతాం. ఒకసారి మా సెంటర్‌బోర్డు, అంటే పడవ అడుగున నీళ్లలోకి దించే పలక, తగిలి వల తెగితే ఆ రోజే డబ్బిచ్చి వచ్చాం. నది ముందు వాళ్లది.

లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించను. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర, పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ సాయంత్రం ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేదు. బకిల్స్ పెట్టుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి వస్తే అది ఆ మనిషి సైజు కాదు. బోల్తా కొట్టడం కూడా నేర్చుకోవాలి. గాలి లేని రోజు కావాలని పడవని పడేసి, మళ్లీ లేపండి. ఒకరు సెంటర్‌బోర్డు ఎక్కి తాడు పట్టుకుని వెనక్కి వాలాలి, ఇంకొకరు పడవ లోపలివైపు నీళ్లలో పడుకుని ఉంటే పడవ లేచేటప్పుడు వాళ్లని కూడా లోపలికి ఎత్తుకుంటుంది. ఏమైనా సరే పడవని వదిలి ఈదకూడదు. మా అత్తగారు ఒడ్డున నిలబడి ఈ ప్రాక్టీస్ నాలుగుసార్లు చూశాకే నిమ్మళించారు.

ఇంటి పోటీకి కావలసినవి ఇంట్లోనే దొరుకుతాయి. ఖాళీ 20 లీటర్ల వాటర్ క్యాన్లకి నారింజ రంగు వేసి, రాళ్లు నింపిన సిమెంటు సంచి కట్టి వదిలితే గుర్తులు. జెండాలు మా అత్తగారు జాకెట్టు ముక్కలతో కుట్టారు. నీలం గుడ్డ మధ్యలో తెల్ల చదరం, అది సన్నాహ జెండా. తెల్ల గుడ్డ మీద నీలం శిలువ, అది ఎవరో బయల్దేరే గీత ముందే దాటారని చెప్పే జెండా. మా మామగారు విజిల్, వాచీ పట్టుకుని మోటారు బోటులో కూర్చుంటారు. పెద్ద పోటీల్లో ఉండే వరసే మాదీ: 5 నిమిషాలుండగా మొదటి జెండా, 4 నిమిషాలుండగా నీలం-తెలుపు జెండా, 1 నిమిషం ఉండగా అది దిగుతుంది, సున్నాకి మొదటిది దిగుతుంది, రేసు మొదలు. చూడవలసింది జెండానే, విజిల్ వినపడకపోవచ్చు.

రూల్స్ పుస్తకాన్ని ప్రపంచ సెయిలింగ్ సంస్థ నాలుగేళ్లకోసారి సవరిస్తుంది. ఇప్పటిది 2025–2028ది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి పోటీకి మూడు నాలుగు రూల్స్ ఒంటబడితే చాలు. ఎదురెదురుగా వస్తుంటే, గాలి కుడివైపు నుంచి తగిలే పడవకి హక్కు, రెండోది తప్పుకోవాలి. గాలి ఒకే వైపు నుంచి తగులుతూ పక్కపక్కన ఉంటే, గాలి వచ్చే వైపు ఉన్న పడవ తప్పుకోవాలి. వెనక వచ్చేది ముందుదాన్ని గుద్దకూడదు. గుర్తుకి మూడు పడవల దూరంలోకి వచ్చేసరికి లోపలివైపున్న పడవకి తిరిగే చోటు ఇవ్వాలి. గుర్తుని తాకితే ఒక చుట్టు తిరగాలి, ఇంకో పడవకి అన్యాయం చేస్తే రెండు చుట్లు. తప్పు మనదని తెలిసిన వెంటనే, ఎవరూ అరవకముందే తిరిగేయండి. అమ్మాయి పక్కనే ఉంటుంది, చూస్తుంటుంది.

హుస్సేన్‌సాగర్‌కి మేం మా పడవ తీసుకెళ్లలేదు, అక్కడే అద్దెకు మాట్లాడుకున్నాం. వెళ్లే ముందు 'నోటీస్ ఆఫ్ రేస్' పూర్తిగా చదవాలి. ఎవరు అర్హులు, ఫీజు ఎంత, ఎన్ని రేసులు, అన్నీ అందులో ఉంటాయి. నేను దాన్ని ప్రింట్ తీసి పరీక్ష పేపర్‌లా గీతలు గీస్తూ చదువుతాను. అద్దె పడవైతే ముందురోజే వెళ్లి ప్రతి తాడూ లాగి చూడండి. ఆ నీళ్లలో చెత్త, నాచు ఉంటాయి, రేసు మధ్యలో పడవ బరువెక్కినట్టనిపిస్తే చుక్కానిని ఒక్కసారి ఎత్తి వదలండి. చుట్టూ ఎత్తయిన భవనాలు కావడంతో గాలి క్షణానికోసారి దిక్కు మారుస్తుంది. మన కృష్ణ మీద గాలి అలవాటైనవాళ్లకి అది కొత్తగా ఉంటుంది.

మొదటి రేసులో మేం అందరికంటే ముందు బయల్దేరాం. గుర్తు దాకా ముందు మేమే. నాకు ఒళ్లంతా పులకరించింది. ఒడ్డుకి వచ్చాక ఫలితాల కాగితంలో మా పేరు పక్కన ఓసీఎస్ అని ఉంది. అంటే సమయానికి ముందే గీత దాటాం. నీలం శిలువ జెండా ఎగరేశారు, మాలో ఒక్కళ్లం కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఇక్కడ ఎన్నో స్థానం వస్తే అన్ని పాయింట్లు, తక్కువ పాయింట్లే గెలుపు. ఓసీఎస్ అయితే పడవల లెక్క కంటే ఒకటి ఎక్కువ, అందుకే 11 పడవలుంటే మాకు 12 పాయింట్లు. ఆ రాత్రి కొత్త పని ఒకటి నిర్ణయించాం: రేసు మొదలైన క్షణం నుంచి పది అంకెలు లెక్కపెట్టేదాకా ముందున్న మనిషి కళ్లు అధికారుల పడవ మీదే ఉండాలి. జెండా ఉంటే "వెనక్కి" అనాలి. పూర్తిగా గీత వెనక్కి వెళ్లి, ఎవరికీ అడ్డు రాకుండా మళ్లీ దాటితే సరిపోతుంది. పోయేది ఒక నిమిషం.

తర్వాతి నాలుగు రేసుల్లో 7, 6, 8, 5. అయిదింటిలో చెడ్డది ఒకటి తీసేస్తారు కాబట్టి మొత్తం 26. ఆరో స్థానం. ఆ అయిదు వచ్చిన రేసులో చుక్కాని మా అమ్మాయిది.

రేసుకీ రేసుకీ మధ్య అయిపోయినదాని గురించి మాట్లాడకండి. నీళ్లు తాగండి, అటుకులో ఖర్జూరమో తినండి, తాడు పట్టి ఎర్రబడిన చేతులు చూసుకోండి, తర్వాతి గీతకి ఏ కొస మంచిదో చూడండి. జరిగిన తప్పులు సాయంత్రం భోజనాలయ్యాక, ఒక్కొక్కరు తమ తప్పే చెప్పాలి, పక్కవాళ్లది కాదు. మా తమ్ముడు దీనికి ఒప్పుకోవడానికి రెండు సీజన్లు పట్టింది. ఇప్పుడు ముందుగా మొదలుపెట్టేది వాడే.

బట్టల విషయం ఆడవాళ్లకి ఒక మాట: చున్నీ వద్దు, జుట్టు గట్టిగా ముడివేసుకోండి, తాడు తిరిగే కప్పీలో ఇరుక్కుంటే చాలా ప్రమాదం. కాళ్లకి వెనక పట్టీ ఉన్న చెప్పులు.

ఇంటికొచ్చే ముందు ఒక గంట పని ఉంటుంది, అది అందరిదీ. తెరచాపలు నీడలో ఆరబెట్టి చుట్టాలి, తాళ్లు విప్పాలి, పడవని నలుగురు పట్టుకుని గట్టు పైదాకా మోయాలి. 2024 సెప్టెంబరులో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకి గుద్దుకుని నష్టం చేశాయి. అందుకే మేం నీటి అంచున ఏదీ వదలం. గట్టు మీద వేపచెట్టుకి మూడు పడవలూ గొలుసుతో కడతాం, బోర్లా తిప్పి, రెండు చోట్ల. లోపల చెమ్మ నిలవకుండా వెనక బిరడా తీసేస్తాం. మా పడవ బిరడా మా అమ్మాయి స్కూల్ బ్యాగ్ ముందు జిప్పులో ఉంటుంది, జామెట్రీ బాక్స్ పక్కన, వచ్చే ఆదివారం దాకా.