కత్తి పిడి చెక్కకు రెసిన్ పట్టించే ముందు

పాలమూరు ఎండలో రెండు నెలలు ఎండిన మామిడి చెక్క, ఇంకేం తడి ఉంటుందిలే అనుకున్నా. కోసి చూస్తే రెసిన్ (చెక్కలో ఇంకి, వేడికి గట్టిపడే ద్రవం) నడిమికి ఎక్కనే లేదు! ఎంత ఎండినా చెక్కలో కొంత తేమ మిగులుతుంది. అందుకే ముక్కల్ని 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజంతా పెట్టండి. తూకం తగ్గడం ఆగాకే తీసి, గాలి తగలకుండా కవర్లో చల్లార్చి (వేడి మీద వేస్తే రెసిన్ గడ్డకడుతుంది) రెసిన్‌లో ముంచండి. బుడగలు ఆగేదాకా, గాలి లాగేసే వాక్యూమ్ పంపు నడపాలి. ఆపగానే తీయొద్దు, రెసిన్ అసలు లోపలికి పోయేది అప్పుడే. రాత్రంతా నాననివ్వండి. తర్వాత ఫాయిల్ చుట్టి, డబ్బా మీద రాసిన వేడిలో గట్టిపరచండి. వంటింటి ఓవెన్ మాత్రం వద్దు. గొడ్డలి కామకు వాడే నల్లతుమ్మ చేవకైతే ఈ తిప్పలేం అక్కర్లేదు.