మెటల్ వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: మూడు స్వరాల రిఫ్

రిఫ్ (పాటలో పదే పదే తిరిగొచ్చే చిన్న స్వరాల వరస) అంటే ఏమిటో, గిటార్‌కి డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించడం) ఎందుకో పోయిన రెండు పాఠాల్లో అయిపోయింది కాబట్టి ఇక ఆల్బమ్‌లోకి దిగుదాం. హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్, 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. బ్యాండ్ పేరే ఆల్బమ్‌కీ, మొదటి పాటకీ కూడా. ఇవాళంతా ఆ ఒక్క పాటే.

దీన్ని ఆర్కే బీచ్‌లో కూర్చుని మాత్రం వినకండి. పాట వాన చప్పుడుతో మొదలవుతుంది, దాని వెనక ఎక్కడో గంట మోగుతుంది, అలల హోరులో రెండూ కొట్టుకుపోతాయి. ఇంట్లో, రాత్రిపూట, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫ్యాన్ ఆపి వినండి (వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపమంటే తిట్టుకుంటారని తెలుసు, ఆరు నిమిషాల చిల్లరే కదా).

వాన తర్వాత ఒక్కసారిగా గిటార్ పడుతుంది. పాశ్చాత్య స్వరాల పేర్లలో జి, పై స్థాయి జి, సి షార్ప్, అంతే. మన ఊళ్లో వీణో వయొలినో నేర్చుకున్నవాళ్లకి చాలామందికి ఇది ఇంకా సులువు: జి ని షడ్జమం అనుకుంటే స, తారస్థాయి స, అక్కడి నుంచి కిందికి ప్రతిమధ్యమం (పెద్ద మ). కల్యాణి రాగంలో హాయిగా పాడుకునే స్వరమే, అక్కడ ఎవరికీ భయం వేయదు, ఎందుకంటే పక్కనే పంచమం (ప) ఉంటుంది, వెళ్లి దాని మీద వాలొచ్చు. ఇక్కడ గిటారిస్టు టోనీ అయోమీ ఆ ప్రతిమధ్యమం మీదే వేలు వణికిస్తూ ఆగి, పంచమం మీద వాలకుండా మళ్లీ కింది షడ్జమానికి పోతాడు, గుమ్మం దాకా వచ్చి లోపలికి రాని చుట్టంలా. రెండోసారి వింటున్నప్పుడు సరిగ్గా ఆ వణుకు దగ్గర పాజ్ చేసి మీరే పంచమం పాడి చూడండి, టెన్షన్ మొత్తం దిగిపోతుంది. ఈ పాఠంలో అసలు సాధన ఇదే, మిగతావి మానేసినా ఇది మానకండి.

మూడోసారి గిటార్‌ని వదిలేసి బిల్ వార్డ్ డ్రమ్స్ మీద చెవి పెట్టండి. గాయకుడు ఆజీ ఆస్‌బర్న్ పాడేటప్పుడు వార్డ్ తిన్నగా తాళం వేసుకుంటూ పోడు, మాటల మధ్య ఖాళీల్లో దొర్లిస్తాడు. బరువంతా స్పీడ్‌లోనో వాల్యూమ్‌లోనో ఉందనుకునేవాళ్లకి ఈ చోటు వినిపించాలి నన్నడిగితే.

అయోమీ చేతి సంగతి గాజువాక ఆటోనగర్‌లో ప్రెస్ మెషిన్ మీద పనిచేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో, పదిహేడేళ్లప్పుడు, కుడిచేతి రెండు వేళ్ల కొసలు మెషిన్‌లో పోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు. శ్రుతి దించడం వల్లే ఈ పాట అంత బరువుగా ఉందని చాలామంది అంటారు గానీ, మూడు మెట్లు దించింది 1971లో, మూడో ఆల్బమ్‌కి. ఇందులో ఉన్నది మామూలు శ్రుతే, పైగా దాదాపు ఆల్బమంతా ఒక్క రోజులో రికార్డయింది, వాన, గంట తర్వాత కలిపారు.

నాలుగున్నర నిమిషాల దగ్గర పాట ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. ఆ మలుపు ముందే పసిగట్టగలిగితే నాలుగో పాఠానికి వచ్చేయొచ్చు. ఈలోగా రెండో పాట ‘ద విజార్డ్’ వినండి, అందులో హార్మోనికా ఊదేది ఆజీయే. అది గిటార్‌తో కలిసి ఎక్కడ నడుస్తుందో, ఎక్కడ విడిపోతుందో కాగితం మీద టైమ్ రాసి ఉంచుకోండి.