ఎవల్యూషనరీ అల్గారిదమ్‌లో ఎంపిక ఎలా చేయాలి?

ఒంగోలు నుంచి సరుకు వ్యాను బయల్దేరి చీమకుర్తి, పొదిలి, కనిగిరి, కొండపి, టంగుటూరు... ఇలా 20 ఊళ్లు తిరిగి రావాలి. ఏ వరసలో తిరిగితే డీజిల్ తక్కువ? 10 ఊళ్లకే వరసలు 36,28,800. అంతవరకు కంప్యూటర్ అన్నీ కొలిచేస్తుంది. 20 అయితే ఒక్కొక్కటీ కొలుస్తూ కూర్చోలేదు. అందుకే ఎవల్యూషనరీ అల్గారిదమ్: కొన్ని దారులతో మొదలుపెట్టి, మంచివాటిని ఎంచి, కలిపి, కొద్దిగా మార్చి, తరం తర్వాత తరం మెరుగుపరిచే పద్ధతి.

1. తోచినట్టు 50 వరసలు రాయించండి. ఒక్కోదానికి కిలోమీటర్లు లెక్కగట్టండి. తక్కువ వచ్చిందే మెరుగు.

2. ఇప్పుడు తల్లిదండ్రులను ఎంచాలి. రైతు మూపురం, కాళ్లు, నడక చూసి విత్తనపు ఆంబోతును ఎంచడం లాంటిదే ఇది. ఎంపిక కొత్త దారిని పుట్టించదు. అది క్రాస్ఓవర్ (రెండు దారులను కలపడం), మ్యుటేషన్ (ఒక దారిని కొద్దిగా మార్చడం) చేసే పని.

ఈ రంగానికి పునాది వేసినవారిలో ఒకరైన జాన్ హాలండ్ 1975 నాటి పుస్తకంలో స్కోరును బట్టి ఎంపికలో వాటా ఇచ్చే పద్ధతి ఉంది. మన లెక్కకు అది ఇబ్బంది. తక్కువే మేలు కాబట్టి స్కోరు తిరగేయాలి. పైగా దారులన్నీ 400, 405 కిలోమీటర్ల దగ్గరకు చేరాక అందరికీ దాదాపు ఒకే వాటా వస్తుంది.

నేనైతే టోర్నమెంటే వాడతాను. 50లో ఏవో మూడు తీయండి, వాటిలో పొట్టిదారి గెలుస్తుంది. ఇలా 50 పోటీలు పెట్టండి. అన్నిటికన్నా మంచి దారి సగటున 3 సార్లు గెలుస్తుంది. మూడుకు బదులు పదేసి తీస్తే 10 సార్లు, అంటే తల్లిదండ్రుల్లో ఐదో వంతు అదే!

మొదట్లో నేను అత్యాశకు పోయి పై ఐదింటినే ఉంచాను. పదిహేను తరాలకే అన్నీ ఒకే దారి అయిపోయాయి. అదీ పొదిలి మీదుగా కనిగిరి పోయి, పొదిలిలో సరుకు దించడానికి మళ్లీ వెనక్కొచ్చే దారి. ఒకే ఆంబోతును తరాల తరబడి వాడితే మందంతా దాని పోలికే, లోపాలతో సహా.

3. గెలిచినవాటిని జతకట్టండి. మామూలుగా కోసి అతికిస్తే ఒకే ఊరు రెండుసార్లు వస్తుంది, వరస చెడని క్రాస్ఓవర్ వాడండి. అప్పుడప్పుడు రెండు ఊళ్లను తారుమారు చేయండి.

4. అన్నిటికన్నా మంచి దారిని ఒకదాన్ని మాత్రం ముట్టుకోకుండా తర్వాతి తరానికి పంపండి. లేకపోతే చేతికొచ్చింది జారిపోవచ్చు.

5. ప్రతి తరంలో వేర్వేరు దారులు ఎన్ని మిగిలాయో ప్రింట్ చేయించండి. త్వరగా నాలుగైదుకు పడిపోతే పోటీని ఇద్దరికి తగ్గించి, మ్యుటేషన్ పెంచండి. ఎన్ని తరాలైనా సగటు దూరం తగ్గడం లేదా? అప్పుడు నలుగురైదుగురితో పోటీ పెట్టి చూడండి.